బస్సు చెప్పదు, చెప్పిస్తుంది



తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఈ మధ్య ‘డెలిగేషన్’ అనే మాట వినిపించి ఉంటుంది. కంప్యూటర్ ప్రాజెక్టుల కోసం ఈ టర్మ్‌లో మేం నేర్పిన పాఠం అదే. మార్కులు ఇంటికి చేరాక ఆ మాట మీద నాకు కొన్ని ఫోన్లు వచ్చాయి. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలే దొరుకుతుంది కాబట్టి అక్కడ పూర్తిగా చెప్పలేకపోయిన సంగతిని ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. కంప్యూటర్ మాకు తెలియదనుకునేవాళ్లు పేజీ తిప్పేయకండి. మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఒక జాకెట్టు కుట్టించుకుని ఉంటే చాలు, ఇది మీకు అర్థమవుతుంది.

‘కుట్టించుకోవడం’ అన్నాను చూడండి, పాఠమంతా ఆ మాటలోనే ఉంది. కుట్టడం వేరు, కుట్టించడం వేరు. వండడం, వండించడం. రాయడం, రాయించడం. మధ్యలో ఒక చిన్న ముక్క చేరిందంటే పని ఇంకొకరి చేతికి వెళ్లిందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను క్లాసులో ఇంగ్లీషులోనే చెప్తాను, పుస్తకమూ పరీక్షా ఇంగ్లీషులోనే కదా. కానీ ఈ పాఠం దగ్గరకు వచ్చేసరికి మాత్రం బోర్డు మీద ‘చేయు, చేయించు’ అని తెలుగులో రాస్తాను. రెండో నిమిషానికి వెనక బెంచీ కూడా తలూపుతుంది.

ఇప్పుడు కంప్యూటర్ సంగతి. ఈ రోజుల్లో పెద్ద ప్రోగ్రాములు చాలావరకు ఒకే పొడవాటి జాబితాలా ఉండవు. వాటిని చిన్న చిన్న ‘ఆబ్జెక్టు’లుగా రాస్తారు. ఒక్కో ఆబ్జెక్టు దగ్గర దాని వివరాలు కొన్ని, అది చేయగల పనులు కొన్ని ఉంటాయి. ఆ పనులను మెథడ్లు అంటారు. మన పిల్లలు రాసిన ప్రాజెక్టులో ‘బస్సు’ ఒక ఆబ్జెక్టు. దాని దగ్గర బస్సు నంబరు, రూటు, ఎక్కే పిల్లల జాబితా ఉన్నాయి. బస్సు ఆలస్యమైతే ‘ఇంటికి తెలియజెయ్’ అని దాన్ని అడుగుతాం. అయితే బస్సుకు మెసేజ్ రాయడం రాదు. తెలుగులో పంపాలా ఇంగ్లీషులో పంపాలా, ఏ ఫోనుకు పంపాలి, ఎలా పంపాలి అన్నది దానికి తెలియదు. అందుకని తన దగ్గర పెట్టుకున్న ఇంకో ఆబ్జెక్టును, పిల్లలు దానికి ‘కబురు’ అని పేరు పెట్టారు, పిలిచి ఆ పని పురమాయిస్తుంది. అడిగింది బస్సును, పని చేసింది కబురు, జవాబు తిరిగి ఇచ్చింది మళ్లీ బస్సే. డెలిగేషన్ అంటే ఇంతే.

ఇంతే అయితే దీనికి ఒక టర్మ్ ఎందుకు అని మీరు అడగొచ్చు. చిక్కు ఎక్కడుందో చెప్పాలంటే మా అమ్మ షాపు గురించి చెప్పాలి.

తెనాలిలో మా అమ్మకు చిన్న టైలరింగ్ షాపు ఉండేది. నా డిగ్రీ ఫీజులూ బీఎడ్ ఫీజూ ఆ మిషను మీద నుంచే వచ్చాయి. అమ్మ జాకెట్టు కటింగ్, కుట్టు అన్నీ తనే చేసేది కానీ మగ్గం వర్క్ చేసేది కాదు. ఆ పని రెండు వీధుల అవతల ఒక పెద్దాయనకు ఇచ్చేది. చీరకు ఫాల్, పికో ఇంకొకావిడకు. పెళ్లిళ్ల సీజన్‌లో గుండీలు, కాజాలు కూడా బయటికే. షాపుకు వచ్చినవాళ్లకు ఇవేవీ తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. వాళ్ల చేతిలో ఉన్నది అమ్మ ఇచ్చిన చీటీ. శుక్రవారానికి ఇస్తానన్నది అమ్మ. మెడ దగ్గర పూస ఊడితే వాళ్లు వచ్చి అడిగేదీ అమ్మనే. ఆవిడ ఏనాడూ ‘అది నేను చేయలేదమ్మా, ఆయన్ని అడుగు’ అన్నట్టు నాకు గుర్తులేదు.

ఇక్కడ ఒక ప్రశ్న. మగ్గం మీద మెడ డిజైను వేసేటప్పుడు ఆ పెద్దాయన ఎవరి కొలత చూడాలి? ఆయన దగ్గర మామూలుగా వేసే మెడ కొలత ఒకటి ఉంటుంది. దాన్నే వేసేస్తే పని బ్రహ్మాండంగా ఉంటుంది, జాకెట్టు మాత్రం ఆ అమ్మాయికి పట్టదు. అందుకే అమ్మ గుడ్డతో పాటు కొలతల చీటీ కూడా పిన్ను చేసి పంపేది. పని ఆయనది, కొలత మాత్రం షాపుకు వచ్చిన మనిషిది.

కంప్యూటర్‌లో సరిగ్గా ఇదే గొడవ ఉంది. దాని పేరు ‘సెల్ఫ్’. పైథాన్ భాషలో ఒక ఆబ్జెక్టు తన సంగతి తాను చెప్పుకోవాలంటే ‘సెల్ఫ్’ అని రాస్తాం, మనం ‘నా’ అన్నట్టు. సెల్ఫ్ నంబరు అంటే నా నంబరు. బస్సు తన పనిని కబురుకు ఇచ్చింది. కబురు లోపల ‘నా నంబరు’ అని రాసి ఉంటే ఆ ‘నా’ ఎవరు? బస్సా, కబురా?

మన ల్యాబ్‌లో ఇది పుస్తకంలో ప్రశ్నగా రాలేదు, తెర మీద వచ్చింది. రిహార్సల్ రోజు పిల్లలు బస్సును ఆలస్యం చేయించారు. తెర మీద పడ్డ మెసేజ్: ‘0 నంబరు బస్సు 20 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.’ క్లాసంతా నవ్వు. కబురు రాసిన అమ్మాయి, తన భాగాన్ని విడిగా పరీక్షించుకోవడానికి ఒక నంబరు ఉండాలని అందులో 0 అని పెట్టుకుంది. బస్సు రాసిన అబ్బాయి తన భాగంలో 14 అని సరిగ్గానే పెట్టాడు. ఎవరి భాగం వాళ్లు విడిగా నడిపిస్తే రెండూ ఒప్పే. కలిపినప్పుడే తప్పు వచ్చింది. పైథాన్‌లో మామూలుగా పని ఇంకో ఆబ్జెక్టు చేతికి వెళ్లగానే ‘నా’ కూడా దానిదైపోతుంది. పెద్దాయన తన కొలతే వేశాడన్నమాట.

దాన్ని ఎలా సరిచేయాలన్న దాని మీద ఆ ఇద్దరూ ఒక పూర్తి పీరియడ్ వాదించుకున్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు, అంత బాగా వాదించుకున్నారు. అబ్బాయి అన్నది: ‘బస్సును మొత్తంగా నీకు పంపిస్తాను, నీకేం కావాలో అందులోంచి తీసుకో.’ అమ్మాయి ఒప్పుకోలేదు. ‘మొత్తం బస్సు నాకెందుకు? నంబరు, రూటు, ఎన్ని నిమిషాలు, ఈ మూడే పంపు. రేపు లైబ్రరీ వాళ్లకు కూడా నా కబురే కావాలంటే అప్పుడు బస్సు ఎక్కడి నుంచి తేను?’ అంది. మనిషిని మగ్గం దగ్గరకు పంపాలా, కొలతల చీటీ పంపాలా అన్న వాదన అది. చివరికి చీటీయే గెలిచింది. నా ఓటు కూడా దానికే, అడిగితే చెప్పేదాన్ని.

ఇంతకీ ఈ ‘నా’ గొడవ మన ల్యాబ్‌లో పుట్టింది కాదు. 1986లో అమెరికాలోని ఎంఐటీలో పనిచేసిన హెన్రీ లీబర్‌మన్ అనే ఆయన ఈ డెలిగేషన్ మీద ఒక పరిశోధనా పత్రం రాశారు. అందులో ఆయన ఇచ్చిన ఉదాహరణ క్లైడ్ అనే ఏనుగు. మీకు తెలిసిన ఏనుగు క్లైడ్ ఒక్కటే అనుకోండి. ఇంకెవరో ఫ్రెడ్ అనే ఏనుగు ఉందన్నారు. ఫ్రెడ్ రంగు ఏమిటంటే మీరేం చెప్తారు? వేరుగా ఏమీ తెలియదు కాబట్టి క్లైడ్‌లాగే బూడిద రంగేమో అంటారు. అంటే ఫ్రెడ్‌కు తెలియని జవాబును క్లైడ్‌ని అడిగి చెప్పారు. ఆ పద్ధతిలో ఒక షరతు ఉంది: క్లైడ్ సాయం చేస్తున్నంతసేపూ ‘నా’ అంటే ఫ్రెడ్‌దే అవ్వాలి. ఈ షరతు లేనిదాన్ని ఆయన లెక్కలో డెలిగేషన్ అనరు, ఊరికే పని అవతలికి పంపడం అంటారు. ఇప్పుడు చాలా పుస్తకాలు రెండింటినీ ఒకే పేరుతో పిలిచేస్తున్నాయి. పరీక్షకు అది చాలు. మన పిల్లలకు తేడా తెలిస్తే మంచిదని నేను రెండూ చెప్తాను.

ఆ షరతును పాటించే భాష ఒకటి మీ ఫోన్‌లోనే ఉంది. స్కూల్ ఫీజు వెబ్ పేజీ తెరిచినా, రైలు టికెట్ బుక్ చేసినా వెనక నడిచేది జావాస్క్రిప్ట్. 1995లో నెట్‌స్కేప్ అనే కంపెనీలో బ్రెండన్ ఐక్ దాని మొదటి రూపాన్ని పది రోజుల్లో రాశారు. అందులో ఒక ఆబ్జెక్టుకు ఏదైనా పని తెలియకపోతే తన వెనకున్న ఇంకో ఆబ్జెక్టును అడుగుతుంది. దానికీ తెలియకపోతే దాని వెనకున్నదాన్ని. జవాబు ఎంత దూరం నుంచి వచ్చినా ‘నా’ మాత్రం మొదట అడిగినదాని దగ్గరే ఉంటుంది. మన పిల్లల్లో ఒకడు ‘అయితే మేడం, జావాస్క్రిప్ట్‌లో చేసుంటే 14 అనే వచ్చేదిగా’ అన్నాడు. బస్సు వెనక కబురును అలా నిలబెట్టి ఉంటే వచ్చేదే.

ఇక ఆ ఫోన్ల సంగతి. ఈ భాగం రెండు కుటుంబాలనూ అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను.

కబురు రాసిన అమ్మాయికి 20కి 18 వచ్చాయి, బస్సు రాసిన అబ్బాయికీ 18 వచ్చాయి. అమ్మాయి నాన్నగారు ఫోన్ చేశారు. మాట మర్యాదగానే ఉంది, కానీ బాధపడుతున్నారని తెలుస్తోంది. ‘మేడం, మా అమ్మాయి పది రోజులు కూర్చుని అరవై లైన్లు రాసింది. ఆ బాబు మెసేజ్ దగ్గర రాసింది ఒక్క లైను. ఆ లైనులో ఉన్నది కూడా మా అమ్మాయి రాసినదాన్ని పిలవడమే. తెర మీద మాత్రం మెసేజ్ అతని ప్రోగ్రాంలోంచి వచ్చినట్టు కనబడుతుంది. కష్టం మాది, పేరు వాళ్లది. రేపు ఉద్యోగంలోనూ ఇలాగే అవుతుంది ఆడపిల్లకు.’

ఆ చివరి మాట నాకు వెంటనే జవాబు దొరికే మాట కాదు. మగ్గం వర్క్ చేసిన పెద్దాయన పేరు ఏ చీటీ మీదా ఉండేది కాదు కదా. పెళ్లి ఫొటోల్లో అందరూ మెచ్చుకున్నది ఆయన పనినే, పేరు మాత్రం మా షాపుకు వచ్చేది. అమ్మ అందుకే రెండో నోటుబుక్కు పెట్టుకునేది. ఏ జాకెట్టు మీద ఏ పని ఎవరిది, ఎంత ఇచ్చింది, అంతా అందులో ఉండేది. పని నచ్చి ఎవరైనా ‘ఇదెవరు చేశారమ్మా’ అని అడిగితే పేరు చెప్పేసేది. అలా చెప్తే నేరుగా ఆయన దగ్గరకే వెళ్లిపోతారని పక్క షాపువాళ్లు అనేవాళ్లు. కొందరు వెళ్లారు కూడా.

అందుకని ఆ నాన్నగారితో నేను రెండు విషయాలు మాట్లాడాను. మొదటిది, ఆ ఒక్క లైను గురించి. ఒక్క లైనుకు నేను మార్కులు వేయలేదు. కబురు జవాబు ఇస్తుంది: పంపాను, లేదా పంపలేదు. ఒక ఇంటి ఫోన్ నంబరు తప్పుంటే ‘పంపలేదు’ అని వస్తుంది. అప్పుడేం చేయాలి? ఆ ఇంటివాళ్లు బస్టాపులో ఎండలో నిలబడే ఉంటారు. అబ్బాయి అలా పంపలేకపోయిన ఇళ్ల జాబితా ఒకటి తయారుచేసి, ఆఫీసులో ఫోన్ చేయాల్సినవాళ్లు అని విడిగా చూపించాడు. దానికి వాడికి ఇంకో పద్నాలుగు లైన్లు పట్టాయి, రెండు సాయంత్రాలు పట్టాయి. పని ఇంకొకరికి ఇచ్చాక కూడా జవాబు చెప్పాల్సింది తనే అని వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నేను మార్కులు వేసింది అక్కడ.

రెండోది, పేరు గురించి. అందులో ఆయన మాట నూటికి నూరుపాళ్లు న్యాయం. ప్రతి ప్రాజెక్టు చార్టు మీద ‘ఈ ప్రోగ్రాం ఎవరి ఆబ్జెక్టుల చేత పని చేయించుకుంటోంది’ అన్న ఒక వరుస ఉండాలని క్లాసులో పెట్టాం. చార్టులు వచ్చాక చూస్తే ఆ అమ్మాయి పేరు నాలుగు ప్రాజెక్టుల మీద ఉంది. బస్సు, లైబ్రరీ, హాజరు, స్పోర్ట్స్ డే. తను మూడే వివరాలు అడిగిన కబురు కాబట్టి లైబ్రరీ వాళ్లు పుస్తకం పేరు, గడువు తేదీ, ఎన్ని రోజులు అని పంపి దాన్నే వాడుకున్నారు. మెసేజ్ వాక్యం ఒక్కటి మారింది, మిగతా అరవై లైన్లలో వేలు పెట్టాల్సిన అవసరం రాలేదు. ఆరోజు బస్సు మొత్తం తీసుకుని ఉంటే ఇది కుదిరేది కాదు. ఈ సంగతి ఇంట్లో తను చెప్పలేదట, చార్టు చూసే నాన్నగారికి తెలిసింది.

ఇంకో తండ్రి, ఆయన సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు, వేరే ప్రశ్న అడిగారు. ‘బస్సును కబురుకు వారసుడిగా రాస్తే సరిపోయేదిగా, వారసత్వం కూడా మీ పాఠంలో ఉందిగా?’ అని. మంచి ప్రశ్న. ఒక ఆబ్జెక్టుకు ఇంకోదాని పనులన్నీ పుట్టుకతోనే వచ్చేలా చేసే పద్ధతి ఉంది, దాన్ని ఇన్‌హెరిటెన్స్ అంటారు. రాయడానికి అది ఇంకా తేలిక. కానీ తాత ఆస్తితో పాటు తాత అప్పులు కూడా వస్తాయి కదా, ఇక్కడా అంతే.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ జావా భాషలో ఉంది. 1996లో జావా మొదటి వెర్షన్ వచ్చినప్పుడు అందులో ‘స్టాక్’ అని ఒకటి పెట్టారు. స్టాక్ అంటే హాస్టల్ మెస్‌లో పేర్చిన కంచాల దొంతర అనుకోండి. పైన పెట్టాలి, పైనుంచే తీయాలి. మధ్యలోంచి లాగకూడదు. అదే దాని మొత్తం నియమం. అయితే దాన్ని రాసినవాళ్లు ‘వెక్టర్’ అనే మామూలు జాబితాకు వారసుడిగా రాశారు. జాబితాలో ఎక్కడైనా పెట్టొచ్చు, ఎక్కడినుంచైనా తీయొచ్చు. ఆ పనులన్నీ స్టాక్‌కు పుట్టుకతో వచ్చేశాయి. ఫలితంగా జావా కంచాల దొంతరలో మధ్యలో ఒక కంచం దూర్చినా అది కాదనదు. ఇప్పటికీ అలాగే ఉంది. దాన్ని ఆధారం చేసుకుని ఎన్నో ప్రోగ్రాములు నడుస్తున్నాయి కాబట్టి తీసేయడం అంత తేలిక కాదు. కొత్తగా రాసేవాళ్లు వేరేది వాడమని జావా పత్రాల్లోనే రాసిపెట్టారు. అదే స్టాక్, తన లోపల ఒక జాబితాను దాచుకుని, పైన పెట్టడం, పైనుంచి తీయడం అన్న రెండు పనులకే దాన్ని పిలిచి ఉంటే ఈ తలనొప్పి ఉండేది కాదు.

బస్సు ఒక రకమైన కబురు కాదు. అది కబురు చేత పని చేయించుకుంటుంది. పిల్లలను నేను అడిగేదీ ఇదే: ‘ఇది అదా? లేక దీని దగ్గర అది ఉందా?’ ఆ తండ్రికి కోట్లిన్ గురించి కూడా చెప్పాను. ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడానికి వాడే ఆ భాషలో ‘బై’ అనే ఒక్క మాట రాస్తే పనులన్నీ ఫలానా ఆబ్జెక్టుకు అప్పగించినట్టే, లైను లైనుకూ రాయక్కర్లేదు. ఆయనకు తెలుసట, ఆఫీసులో రోజూ వాడతారట. నన్ను పరీక్షించడానికే అడిగారేమో.

అన్ని పనులూ ఇంకొకరికి అప్పగించేయడం కూడా మంచిది కాదు. ఒక జట్టు పిల్లలు ఉత్సాహం కొద్దీ తొమ్మిది ఆబ్జెక్టులు రాశారు. మొదటిది రెండోదాన్ని అడుగుతుంది, అది మూడోదాన్ని, అలా తొమ్మిది దాకా. చివర్లో ఎవరూ పని చేయడం లేదు. పదిమందిలో పాము చావదు అంటారు కదా. అందులో ఐదింటిని వాళ్ల చేతనే తీయించాను. ఇంకో జట్టు ఆబ్జెక్టు, అడిగితే ‘నాకు తెలియదు, ఫలానాదాన్ని అడుగు’ అని జవాబిచ్చేది. ఇది చూసి నాకు ఒక సర్టిఫికెట్ కోసం నేను తిరిగిన ఆఫీసు గుర్తొచ్చింది. మొదటి కౌంటరు నాలుగుకు పొమ్మంది, నాలుగు రెండుకు పొమ్మంది, రెండు భోజనానికి వెళ్లింది. అక్కడ తిరిగింది కాగితం కాదు, నేను. మొదటి కౌంటరే నా కాగితం తీసుకుని లోపల నాలుగు చేతులు మార్చి, మళ్లీ తనే నా చేతికి ఇచ్చి ఉంటే అది మన పాఠం అయ్యేది.

ఇక్కడ స్కూలు తరఫున ఒక చిన్న విన్నపం, పాఠంలో భాగంగానే. 1987లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో డిమీటర్ అనే ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. డిమీటర్ నియమం అనే పేరుతో అది ఇప్పటికీ నేర్పుతారు. ఒక ఆబ్జెక్టు తన పక్కనున్నవాటితోనే మాట్లాడాలి, వాటిలోపలికి దూరి వాటికి తెలిసినవాటితో మాట్లాడకూడదు. ఇంకోలా చెప్పాలంటే, స్కూలుకు చెప్పి తెలుసుకోవాల్సినదాన్ని స్కూలు లోపలి ట్రాన్స్‌పోర్ట్ లోపలి బస్సు లోపలి డ్రైవర్ జేబులోని ఫోన్ దాకా మీరే వెళ్లి తెలుసుకోకూడదు. అలా రాసిన ప్రోగ్రాములో మధ్యలో ఏ ఒక్కటి మారినా మొత్తం ఆగిపోతుంది. డ్రైవర్ మారితే మీ ఫోన్‌లో సేవ్ చేసుకున్న నంబరు పనికిరాదు. డ్రైవర్ మారకపోతే ఇంకా ప్రమాదం, ఉదయం ఏడున్నరకు ట్రాఫిక్‌లో ఆయన ఫోన్ మోగుతుంది. ఆ బస్సులో మన పిల్లలే ఉంటారు. దయచేసి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి నంబరుకే చేయండి. పిల్లలకు ఈ నియమం చెప్పగానే ముందు వరుసలోని ఒకమ్మాయి ‘మా నాన్న రోజూ డ్రైవర్ అంకుల్‌కే చేస్తారు మేడం’ అంది. నేను పేరు రాసుకోలేదు.

చివరగా ఇంట్లో చేసే ప్రాజెక్టుల గురించి. నాన్న రాసిచ్చిన ప్రోగ్రాములు వస్తుంటాయి. బయట డబ్బులిచ్చి రాయించినవి వస్తుంటాయి. ఈమధ్య చాట్‌జీపీటీ రాసినవీ వస్తున్నాయి. వాటిని పట్టుకోవడానికి నా దగ్గర యంత్రమేమీ లేదు. పెద్దలు సాయం చేయడం తప్పని నేను అనను, సాయం తీసుకోవడమే ఈ టర్మ్ పాఠం అయినప్పుడు ఎలా అంటాను? మౌఖిక పరీక్షలో మాత్రం ప్రతి బిడ్డనూ కూర్చోబెట్టి ఒక లైను మీద వేలు పెట్టి అడుగుతాను. ఈ పని ఎవరి దగ్గరకు వెళ్తోంది? వెళ్తూ ఏం పట్టుకెళ్తోంది? తిరిగి ఏం తెస్తోంది? ఏమీ తేకపోతే నువ్వేం చేస్తావు? నాలుగో ప్రశ్న దగ్గర తెలిసిపోతుంది. ఒక అబ్బాయి తన ప్రోగ్రాంలో రెండు మెథడ్లు వాళ్ల అక్క రాసిందని మొదటే చెప్పి, నాలుగు ప్రశ్నలకూ జవాబు ఇచ్చాడు. వాడి చార్టు మీద ‘చేయించుకున్నది’ అన్న వరుసలో ‘అక్క’ అని ఉంది. వాడికి మార్కులు తగ్గలేదు. పూర్తి ప్రోగ్రాం చకచకా నడిపించి, ‘సెల్ఫ్’ అంటే ఎవరని అడిగితే కిటికీలోంచి చూసినవాళ్లకు తగ్గాయి. వాళ్లు మళ్లీ రాసి తీసుకురావచ్చు. టర్మ్ చివరి వరకు ల్యాబ్ సాయంత్రం నాలుగున్నర దాకా తెరిచే ఉంటుంది, అయితే లేట్ బస్సు ఎక్కేవాళ్లు ముందు రోజే పేరు ఇవ్వాలి.

ఈ నెల రెండో శనివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రాజెక్టుల ప్రదర్శన ఉంది. బస్సు ప్రోగ్రాం తలుపు పక్కన మొదటి టేబుల్ మీద ఉంటుంది. బస్సు నంబరు మిమ్మల్నే మార్చమంటారు, ఎన్ని నిమిషాలు ఆలస్యమో కూడా మీరే చెప్పాలి. మెసేజ్ మీ ఫోన్‌కు రాదు, తెర మీదే పడుతుంది. మీకు ఇష్టమైతే కావాలని ఒక తప్పు ఫోన్ నంబరు ఇచ్చి చూడండి. అబ్బాయి దానికోసమే ఎదురుచూస్తున్నాడు.